చలికాలం చెప్పని మాస్టారు

మొన్న రేపల్లె పాసింజరు వేమూరు దాటాక, నాగమ్మ తన ఖాళీ టబ్బును కాలితో సీటు కిందికి నెట్టి నా వైపు తిరిగింది.

"అమ్మా, ఆ బొగ్గు గనులోళ్ళు ఆఖరికి ఏమయ్యారంట? మాస్టారు మీకన్నా చెప్పారా?"

నాగమ్మ తెల్లవారకముందే తెనాలి మార్కెట్టుకి చేపలు తెచ్చి అమ్ముకుని, ఖాళీ టబ్బుతో తిరుగు బండిలో రేపల్లె వెళ్తుంది. నేను అదే బండిలో రేపల్లె కరెంటాఫీసుకి వెళ్తాను. ఆమె అడిగిన మాస్టారు మాకు ఎదురుగా కిటికీ పక్కన కూర్చునేవారు. ఆయన పోయి ఇంకా నెల కాలేదు, అప్పుడే ఆ సీట్లో ఎవరో కుర్రాడు చెవుల్లో వైర్లు పెట్టుకుని నిద్రపోతున్నాడు. వాడి తప్పేమీ లేదు. అయినా నాకు వాడి మీద కోపం వచ్చింది.

"రేపు చెప్తాలే నాగమ్మా," అన్నాను. తెలియక కాదు. ఆ చివర చెప్పాలంటే మాస్టారి చివర కూడా చెప్పాలి. అది పొద్దున్నే బండిలో చెప్పే సంగతి కాదు.

ఆయన్ని అందరూ వేల్స్ మాస్టారు అనేవారు. అసలు పేరు బండిలో సగం మందికి తెలియదు. నాకు తెలుసు గానీ ఇక్కడ రాయను, ఆయనైతే ఒప్పుకునేవారు కాదు. రేపల్లెలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో చరిత్ర చెప్పేవారు. రిటైరయ్యే వయసు ఎప్పుడో దాటిపోయినా వాళ్ళు పొమ్మనలేదు, ఈయన మానలేదు. సన్నటి మనిషి. చొక్కా జేబులో ఎప్పుడూ రెండు కళ్ళజోళ్ళు ఉండేవి, ఒకటి చదవడానికి, ఇంకోటి అది పోతే ఉంటుందని. ఆ రెండోది పెట్టుకోగా నేను ఏనాడూ చూడలేదు.

నేను ఆ బండిలో కొత్తగా తిరగడం మొదలుపెట్టిన రోజుల్లో, ఒక పొద్దున కాస్త కునుకు తీద్దామని కళ్ళు మూసుకోగానే ఎదుటి సీట్లోంచి ఆయన గొంతు వినిపించింది.

"అమ్మాయ్, ఇవాళ మే ఒకటో తారీఖు. గేట్లు మూసేశారు."

"ఏ గేట్లండీ?" అన్నాను విసుగ్గా. లెవెల్ క్రాసింగ్ సంగతేమో అనుకున్నాను.

"బొగ్గు గనుల గేట్లు. వేల్స్‌లో. పందొమ్మిది వందల ఇరవయ్యారులో."

ఏ మతిస్థిమితం లేని మనిషో నా ఎదుట పడ్డాడనుకుని కళ్ళు మళ్ళీ మూసుకున్నాను. కళ్ళు మూసుకుంటే ఆగే రకం కాదాయన. జీతం తగ్గిస్తామని, పని గంటలు పెంచుతామని గనుల యజమానులన్నారు. కుదరదని గనుల్లో పనిచేసేవాళ్ళన్నారు. మొదట్లో దేశంలో మిగతా కార్మికులంతా వాళ్ళకి తోడు నిలబడ్డారు. తొమ్మిది రోజులయ్యాక ఎవరి పనికి వాళ్ళు వెళ్ళిపోయారు. బొగ్గు తవ్వేవాళ్ళు మాత్రం ఒంటరిగా మిగిలిపోయారు. "ఇక వాళ్ళేం చేస్తారో జూన్‌లో చెప్తా," అని ఆయన పేపరు తీసుకున్నారు.

నిజంగానే జూన్‌లో చెప్పారు. ఆ కథ ఆయన ఎప్పుడూ నెల ప్రకారమే నడిపేవారు. మే సంగతి మేలో, జూన్ సంగతి జూన్‌లో. తొందరపెడితే, "ఇంకా ఆ నెల రాలేదుగా," అనేవారు. ప్రపంచ చరిత్రంతా చదివిన మనిషి, ఏళ్ళ తరబడి బండిలో చెప్పింది ఆ ఒక్క ఏడాది సంగతే. ఎవరైనా "ఇంగ్లాండులో" అని నోరు జారితే ఒప్పుకునేవారు కాదు.

"ఇంగ్లాండు కాదండి, వేల్స్. వాళ్ళ భాష వేరు, వాళ్ళ పాట వేరు. మిమ్మల్ని ఢిల్లీలో మదరాసీ అంటే ఎలా ఉంటుంది?"

ఆయన చెప్పే తీరులో వేల్స్ మన కాలవ గట్టు పక్కకి వచ్చి కూర్చునేది. "లోయ అంటే ఏం లేదు నాగమ్మా. మన కాలవకి రెండు గట్లూ కొండంత ఎత్తు పెరిగిపోయాయనుకో. ఆ అడుగున ఇళ్ళు, ఇళ్ళ కింద బొగ్గు." జూన్‌లో అక్కడ ఎండ బాగా కాసిందట. ఏడాది పొడుగునా భూమి కింద చీకట్లో బతికిన మగాళ్ళు గడ్డి మీద పడుకుని ఆకాశం చూస్తూ ఉండిపోయారట.

"ఎండ కాస్తే పండగేంటండి మాస్టారూ? ఇక్కడ మా మాడు పగిలిపోతంటే," అనేది నాగమ్మ.

"నువ్వు ఎప్పుడూ పైనే ఉన్నావు కాబట్టి అలా అంటావు," అనేవారాయన.

జూలైలో వంటలు. చర్చి వెనక గదుల్లో పెద్ద గుండిగలు పెట్టి ఊరంతటికీ ఒకే పొయ్యి మీద వండారు. "చేపలు వండారా?" అని నాగమ్మ ప్రతి ఏడూ అడిగేది. "దొరికిన రోజున వండారు. మామూలుగా బంగాళదుంపలే," అని ఆయన ప్రతి ఏడూ అంతే శ్రద్ధగా జవాబు చెప్పేవారు. ఆగస్టులో బాజాలు. వాయించడానికి వాద్యాలు కొనలేక తగరపు బూరలు పట్టుకుని, చిత్రమైన వేషాలు కట్టుకుని, ఒక ఊరివాళ్ళు ఇంకో ఊరికి ఊరేగింపుగా వెళ్ళేవారు. ఇది చెప్పేటప్పుడు మాస్టారు రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని బూర ఊదేవారు. కంపార్టుమెంటంతా నవ్వేది. ఆయన నవ్వకుండా పూర్తిగా వాయించి ఆపేవారు. సెప్టెంబరులో చెప్పులు. పిల్లల బూట్లు చిరిగిపోతే ఊళ్ళో మగాళ్ళంతా ఒకచోట కూర్చుని, ఎవరి పిల్లలని చూడకుండా కుట్టి పెట్టారట.

మొదట్లో నాకు ఈయనంటే చిరాకు. తర్వాత తర్వాత, సెలవు పెట్టిన రోజున ఇంట్లో కూర్చుని, ఇవాళ వాళ్ళు ఏ ఊరు వెళ్ళి పాడారో అనుకోవడం మొదలుపెట్టాను. మనుషులు ఇలాగే పాడైపోతారు.

నవంబరు వచ్చేసరికి మాత్రం కథ ఆగిపోయేది. ఏదో ఒక పొద్దున ఆయన కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడుచుకుని, "ఇక చలికాలం వస్తోంది. ఈ ఏటికి ఇంతే," అనేవారు. మళ్ళీ మే నెల దాకా ఆ ఊసుండదు. ఇన్సూరెన్సు ఏజెంటు ఒకాయన ఉండేవాడు మాతో, ఎకసెక్కాలెక్కువ. "మాస్టారూ, మీ గనులోళ్ళకి డిసెంబరు రాదాండి? పోనీ మన ఊరి సంగతి ఏదన్నా చెప్పండి," అనేవాడు. మాస్టారు కిటికీలోంచి బయటకి చూస్తూ కూర్చునేవారు.

ఇంకో సంగతి అప్పుడు చూసి కూడా పట్టించుకోలేదు. ఒకసారి బండిలో వాళ్ళమంతా కలిసి వాడరేవు వెళ్ళాం. చీరాల బండి బాపట్ల స్టేషన్లో ఆగగానే మాస్టారు తువ్వాలు మొహం మీద కప్పుకుని నిద్రపోయారు. బండి కదిలాక తువ్వాలు తీసేశారు. వచ్చేటప్పుడూ అంతే. వాడరేవులో అందరం నీళ్ళలో దిగితే, ఆయన సముద్రానికి వీపు పెట్టి ఇసకలో కూర్చుని మా పిల్లలకి తగరపు బూరలు వాయించి చూపించారు.

పోయిన అక్టోబరులో ఒక పొద్దున ఆయన తెల్లచొక్కా సంగతి చెప్పారు. అంతకు ముందెప్పుడూ చెప్పలేదు, ఆ రోజు ఎందుకు నోరు జారిందో తెలియదు. సమ్మె విడిచి ముందుగా పనిలోకి వెళ్ళినవాడి మీద ఆ లోయల్లోవాళ్ళకి పట్టరాని కోపం. పూర్వం నుంచీ వాళ్ళలో ఒక పద్ధతి ఉందట. అలాంటివాణ్ణి పట్టుకుని, శవానికి కట్టినట్టు ఒంటి మీద తెల్లచొక్కా వేసి, ఇంటిదాకా ఊరేగించేవారట. ఆ తర్వాత ఊళ్ళో ఎవరూ వాడితో మాట్లాడరు. చర్చిలో పక్కన కూర్చోరు.

"ఎన్నాళ్ళు మాట్లాడరు?" అంది నాగమ్మ.

"చచ్చేదాకా. కొన్నిచోట్ల వాళ్ళ పిల్లలతో కూడా."

"వాడికి అన్నదమ్ములుండరా మాస్టారూ? ఊరోళ్ళంటే ఊరోళ్ళు. తోడబుట్టినోడు కూడా మాట్లాడడా?"

బండి భట్టిప్రోలులో ఆగింది. ఆయన సంచీ తీసుకుని దిగిపోయారు. ఆయన దిగవలసింది రేపల్లెలో. ప్లాట్‌ఫారం మీద అటూ ఇటూ చూస్తూ నిలబడి ఉండగానే మా బండి కదిలింది.

కార్తీకమాసంలో ఒక శనివారం ఆయన నన్ను అడిగారు.

"అమ్మాయ్, రేపు బాపట్ల వెళ్ళాలి. తోడు వస్తావా?"

"బాపట్లలో ఎవరున్నారండీ?"

"మా అన్నయ్య."

ఆయనకి అన్నయ్య ఉన్నట్టే అప్పటిదాకా నాకు తెలియదు. మా చెల్లెలి ఇల్లు బాపట్లలోనే, ఎటూ చూసి చాలా రోజులైందని బయల్దేరాను. బాపట్లలో బండి ఆగినప్పుడు తువ్వాలు మొహం మీదకి పోకుండా రెండు చేతులతో ఒళ్ళో నొక్కి పట్టుకున్నారు.

పెద్దాయన కూతురి దగ్గర ఉంటున్నారు. వరండాలో పడక్కుర్చీ. ఆయన కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడుచుకుంటూ ఉండగా మేం గేటు తీశాం. అచ్చం అదే తుడవడం. ఆయన తమ్ముణ్ణి చూశారు. తర్వాత నన్ను చూసి అన్నారు.

"ఎండన పడి వచ్చారు. కూర్చోమను అమ్మా."

ఎవరిని కూర్చోమనాలో అర్థం కాక ఒక్క క్షణం నిలబడిపోయాను.

"కూర్చుంటాడని చెప్పు," అన్నారు మాస్టారు నాతో.

అప్పుడు తెలిసింది నన్నెందుకు తీసుకొచ్చారో. మన ఇళ్ళలో మాటల్లేనివాళ్ళు మాట్లాడుకోవాలంటే మధ్యలో ఒక మూడో మనిషి కావాలి. పిల్లలో, పాలేరో, ఎవరూ లేకపోతే గోడైనా సరే. మా నాయనమ్మ, ఆమె తోడికోడలు పిల్లిని మధ్యలో పెట్టుకుని మాట్లాడుకునేవారు. ఆ రోజు ఆ పిల్లిని నేనయ్యాను.

"కాఫీలో పంచదార వేసుకుంటాడేమో అడుగమ్మా."

"షుగరొచ్చిందని చెప్పు."

"ఎప్పటి నుంచి?"

"చాలా కాలమైందని చెప్పు."

వదినగారు పోయిన సంగతి నా ద్వారానే అడిగారు. సంగం జాగర్లమూడిలో పొలం ఎవరు చేస్తున్నారో నా ద్వారానే చెప్పుకున్నారు. వాళ్ళ సొంతూరు అదే. నాకు ఇబ్బందిగా ఉండి, వీళ్ళని కాసేపు వదిలేద్దామని లేచాను. "కూర్చో అమ్మా," అన్నారు ఇద్దరూ ఒక్కసారే. ఆ రోజంతా వాళ్ళు కలిసి అన్న మాట అదొక్కటే.

కాఫీ గ్లాసులు ఖాళీ అయ్యాక మాస్టారు నేల వైపు చూస్తూ అన్నారు.

"అమ్మాయ్, ఒక మాట అడుగు. ఆ రోజు మిల్లులోకి ఎందుకెళ్ళాడో."

పెద్దాయన చాలాసేపు వేళ్ళు విరుచుకున్నారు.

"భయమేసిందని చెప్పమ్మా. అమ్మ కోసమని చెప్పుకోవచ్చు, వాడి చదువు కోసమనీ చెప్పుకోవచ్చు. చాలామందికి అలాగే చెప్పాను కూడా. నిజానికి భయమేసింది. అంతే."

మాస్టారు తల ఎత్తలేదు. పెద్దాయన నా వైపు కొంచెం వంగారు.

"నేనూ ఒకటి అడుగుతాను. ఆ పొద్దున నేను మిల్లు నుంచి ఇంటికొచ్చేసరికి వాడు కాలవలో మునిగి, తడిబట్టలతో వచ్చి గడపలో నిలబడ్డాడు. చావు కబురు విన్నవాడి మాదిరి. నేను బతికే ఉన్నాగా, ఎదురుగా. ఎందుకట్లా చేశాడో అడుగమ్మా."

ఇంట్లో మిక్సీ ఏదో తిరుగుతోంది. అది ఆగాక మాస్టారు, "సాయంత్రం బండి ఎన్నింటికో కనుక్కో అమ్మాయ్," అన్నారు.

నాకు ఆయన్ని పట్టుకుని కుదిపేయాలనిపించింది. ఎనభైకి దగ్గర పడ్డ ముసలాయన, కూతురు వినేలా, భయమేసిందని ఒప్పుకున్నాడు. ఒక్క మాటకి జవాబు చెప్పలేకపోయారా మీరు, అని అడగాలనుకున్నాను. కానీ ఆయన మొహం చూస్తే అడగబుద్ధి కాలేదు. పెద్దాయన గేటు దాకా వచ్చారు. "జాగ్రత్తగా వెళ్ళమను," అన్నారు నాతో.

తిరుగు బండిలో మాస్టారే మొదలుపెట్టారు. అప్పుడాయన కాలేజీ కుర్రాడు. అన్నయ్య ఊరి దగ్గర నూలుమిల్లులో పనిచేసేవాడు. గేట్లు మూశారు. కార్మికుల ఇళ్ళకి బియ్యం కావాలని ఈయన జోలె పట్టి ఊరూరా తిరిగాడు, ఒకే పొయ్యి మీద అందరికీ వంట. ఒక పొద్దున, రాత్రి షిఫ్టులో అందరికంటే ముందు లోపలికి వెళ్ళిన నలుగురైదుగురిలో అన్నయ్య ఉన్నాడని కబురొచ్చింది. అన్నం వడ్డిస్తున్న ఈయన గరిటె అక్కడే పడేసి కాలవకి పోయి నిలువునా మునిగాడు. మన వైపు చావు కబురు వింటే స్నానం చేస్తాం కదా. బతికున్న అన్న పేరున చేశాడు.

"తర్వాత ఎప్పుడో లైబ్రరీలో ఆ వేల్స్ వాళ్ళ సంగతి చదివాను. తెల్లచొక్కా దగ్గరికి వచ్చేసరికి పుస్తకం మూసేశాను. నేను చేసిన పనే, నేను పుట్టకముందే, వాళ్ళెవరో చేశారు. అప్పటి నుంచి ఆ ఏడాది నన్ను వదల్లేదమ్మా."

"మరి చలికాలంలో ఏమైంది మాస్టారూ?"

"ఏముంది, ఓడిపోయారు. పొయ్యిలో బొగ్గు లేదు, పిల్లల ఒంటి మీద బట్ట లేదు. ఒక్కొక్కరే తలొంచుకుని వెళ్ళిపోయారు, తక్కువ కూలికి, ఎక్కువ గంటలకి. కొంతమందిని అసలు తీసుకోనే లేదు." కిటికీ ఊచ పట్టుకున్నారు. "ముందెళ్ళినవాడూ, ఆఖర్న వెళ్ళినవాడూ దిగింది అదే గనిలోకి. మా మిల్లులోనూ అంతే. మిగతావాళ్ళు తర్వాతి నెలలో వెళ్ళారు. మా అన్నయ్య ఒక నెల ముందు భయపడ్డాడు, అంతే తేడా. ఆ ఒక్క నెల కోసం నేను నా బతుకంతా వాడితో మాట్లాడలేదు. చలికాలం చెప్తే అది కూడా చెప్పాల్సి వస్తుందని ఆపేసేవాణ్ణి."

తెనాలి దగ్గర పడుతుంటే రెండుసార్లు, "భయమేసిందన్నాడు చూడు," అనుకున్నారు తనలో తాను. ఆ మాటలో కోపం లేదు. అలా చెప్పగలిగిన మనిషిని ఇన్నేళ్ళు పోగొట్టుకున్నానే అన్న బాధ ఉంది. స్టేషన్లో దిగి, నేను ఆటో ఎక్కుతుంటే అన్నారు.

"వచ్చే ఆదివారం మళ్ళీ వెళ్దాం అమ్మాయ్. వాడు అడిగినదానికి జవాబు చెప్పాలి. ఈసారి నువ్వు బయట కూర్చో."

ఆ వారం బండిలో ఆయన ఎంత హుషారుగా ఉన్నారో చెప్పలేను. నాగమ్మకి, "సోమవారం నీకు చలికాలం చెప్తా," అని మాటిచ్చారు. ఆమె నమ్మలేదు. గురువారం ఆయన బండికి రాలేదు. మధ్యాహ్నం ఆఫీసులో ఉండగా ఫోను వచ్చింది, గుండెపోటు. మూడు రోజులు ఆగి ఉంటే ఏం పోయేదో ఆ గుండెకి. నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది తలుచుకుంటే.

మర్నాడు పొద్దున వాళ్ళింటికి వెళ్ళాను. హాల్లో ఐసు పెట్టెలో పడుకోబెట్టారు. జేబులో రెండు కళ్ళజోళ్ళూ అలాగే ఉన్నాయి. కాసేపటికి బయట ఆటో ఆగింది. పెద్దాయన కూతురి చెయ్యి పట్టుకుని దిగారు. హాల్లోకి వచ్చి పెట్టెకి నాలుగడుగుల దూరంలో ఆగిపోయారు. అటు చూడలేదు. అక్కడున్న వాళ్ళందరిలో నన్ను వెతికి పట్టుకుని, నా వైపు తిరిగారు.

"అమ్మా, నేనొచ్చానని చెప్పు."

నేను చెప్పబోయాను కూడా. పెట్టె దాకా వంగాను. అప్పుడు స్టేషన్లో అన్న మాట గుర్తొచ్చింది.

"ఈసారి నన్ను బయట కూర్చోమన్నారండీ," అన్నాను పెద్దాయనతో. "మీరడిగినదానికి ఆదివారం వచ్చి ఆయనే జవాబు చెప్తానన్నారు."

పెద్దాయన కళ్ళజోడు తీశారు. తుడుచుకోలేదు, చేతిలో పట్టుకుని నిలబడ్డారు. మాస్టారి భార్య నన్ను చూసింది, ఆయన్ని చూసింది. తర్వాత లేచి, హాల్లో ఉన్న వాళ్ళందరినీ, "కాసేపు బయటికి రండమ్మా," అని తీసుకొచ్చి తనూ వరండాలో నా పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది.

లోపలి నుంచి, "ఏరా," అన్న మాట వినిపించింది.